అయస్కాంతం అతకని తలుపు

అయస్కాంతం ఆ తలుపుకి అతుక్కోలేదు. జారి కింద పడింది.

ఆమె వంగి తీసి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది.

“ఈ కారుకి యాక్సిడెంట్ అయింది” అంది.

“కాలేదండీ” అన్నాడు కారు అమ్మే యువకుడు.

“వెనక తలుపు కింది భాగమంతా లప్పం. ఇనుమైతే అయస్కాంతాన్ని వదలదు. ఎక్కడ గుద్దారు?”

“ఎక్కడా గుద్దలేదు. కొన్నప్పట్నుంచీ నేనొక్కడినే తోలాను.”

“అయితే గుద్దింది కూడా మీరొక్కరే అన్నమాట!”

పక్కనే నిలబడ్డ బాబాయి చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. “మా అమ్మాయితో పెట్టుకోకు నాయనా. దాని ఉద్యోగమే అది.”

నిజమే. ఆమె ఇన్సూరెన్స్ కంపెనీలో సర్వేయర్. నుజ్జునుజ్జయిన బండి చూసి, ఓనరు చెప్పే కథలో నిజం పాలెంతో తేలుస్తుంది. ‘నేను కదల్లేదు మేడమ్, స్తంభమే వచ్చి గుద్దింది’ అన్నట్టు మాట్లాడేవాళ్ళని రోజూ చూస్తుంది. ఆఫీసులో ఆమెకి ‘భూతద్దం’ అని పేరు పెట్టారు.

ఇన్ని కార్లు చూసే మనిషికి సొంత కారు లేదు. ఇప్పుడు అవసరం పడింది. ఊరి చివర, ఫ్యాక్టరీలు దాటాక కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. ఇన్‌చార్జిగా ఆమెనే అనుకున్నారు. అటువైపు బస్సు పోదు. “సోమవారం ఏదో ఒకటి చెప్పమ్మా. నువ్వు కాదంటే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు” అన్నాడు మేనేజరు. కొత్త కారు ఆమె జీతానికి అందదు. అందిన వాటిలో కాస్త మనిషి ఎక్కేలా ఉన్నది ఇదొక్కటే.

కాకపోతే మీటరు మూడు లక్షల కిలోమీటర్లు చూపిస్తోంది.

“మూడు లక్షలా!” అన్నాడు బాబాయి, వచ్చీ రాగానే. “ఇంకాస్త ఓపిక పట్టుంటే చందమామ దగ్గరికి చేరేవాడివి కదయ్యా!”

ఆ యువకుడు నవ్వాడు. చెవి మిషన్లు అమర్చడం అతని పని. ఊరూరా తిరిగి పెద్దవాళ్ళకి వినికిడి పరీక్షలు చేస్తాడు. వీధిలో అందరికీ చెవుల డాక్టరు. ఇప్పుడు కంపెనీ వ్యాన్ ఇచ్చింది కాబట్టి కారుతో పనిలేదు. బండి స్టార్ట్ చేసి, దాని రోగాలన్నీ తనే చెప్పాడు.

“మూడో గేర్లో సన్నగా ఈల వేస్తుంది, భయం లేదు. మలుపులో టక్‌మంటుంది, దానికి మాత్రం భయపడాలి, బుష్‌లు మార్చాల్సిందే. ఏసీ వేస్తే పిల్లి గురకపెట్టినట్టుంటుంది. అది అలవాటైపోతుంది.”

“మీరు అమ్ముతున్నారా, కంప్లయింట్ ఇస్తున్నారా?” అంటూ ఆమె కూడా నవ్వేసింది.

అందుకే అయస్కాంతం జారినప్పుడు ఆమెకి అంత కోపం వచ్చింది. నచ్చినవాడు అబద్ధమాడితే మామూలు అబద్ధం కంటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

“మీ బండీ వద్దు, మీ కథలూ వద్దు” అనేసి వచ్చేసింది. అతను తలుపునే చూస్తూ నిలబడ్డాడు.

* * *

ఆ చూపే ఆమెని నిలవనివ్వలేదు.

అబద్ధం దొరికిపోయినవాళ్ళు ఎలా ఉంటారో ఆమెకి తెలుసు. అరుస్తారు, లేదా బతిమాలతారు. ఇతను తలుపుని చూశాడు. తనూ మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. అయినా అన్ని లోపాలు నోరారా చెప్పినవాడు ఈ ఒక్కటీ ఎందుకు దాస్తాడు?

ఆదివారం పొద్దున బాబాయికి చెప్పకుండా మళ్ళీ బయల్దేరింది. సన్నగా తుంపర పడుతోంది. అతని వీధి మలుపు తిరిగి, టక్కున ఆగిపోయింది.

అదే కారు ఎదురుగా వస్తోంది.

డ్రైవర్ సీట్లో ఎవరూ లేరు.

వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. బండి నత్తలా, కానీ తిన్నగా, ఆమె వైపే వస్తోంది. దగ్గరికొచ్చాక స్టీరింగ్ మీద రెండు చేతులు కనిపించాయి. వాటి వెనక తెల్లటి జుట్టు ముడి. దాని కింద కళ్ళజోడు.

కారు ఆగింది. అద్దం దిగింది.

“నిన్న తలుపు మీద అయస్కాంతం పెట్టిన పిల్లవి నువ్వే కదూ? ఎక్కు. వాడొచ్చేస్తాడు.”

“మీరు...?”

“వాడి బామ్మని. లైసెన్స్ ఉందిలే, పోయినేడాదే తీసుకున్నా. ఎక్కుతావా, తడుస్తావా?”

ఎక్కింది. ఎక్కకపోతే విషయం తెలియదు మరి!

“గేటు స్తంభం” అంది బామ్మ, అడగకుండానే. “వెనక్కి తీస్తుంటే తగిలింది. వాడు ట్రైనింగ్‌కి వేరే ఊరెళ్ళాడు. వాడొచ్చేలోపు టింకరింగ్ షెడ్డువాడు రంగుతో సహా సరిచేసిచ్చాడు. మావాడికి చెవులే గానీ కళ్ళు లేవు. ఈరోజుకీ తెలీదు.”

“చెప్పొచ్చుగా బామ్మగారూ?”

“చెబితే తాళాలు దాచేస్తాడు. ప్రేమ ఎక్కువ వెధవకి.” బామ్మ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “మా ఆయన నన్ను జీవితమంతా పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పారు. మంచాయనే. కానీ ఏ సందులోకి తిరగాలన్నా ఆయన ఇష్టం. ఇప్పుడు నాకు నచ్చిన సందులోకి నేను తిప్పుతున్నా. ఆదివారం వాడు ఈతకెళ్ళినప్పుడు, ఓ గంట. అంతే.”

“మరి అమ్మేస్తున్నారుగా?”

“అమ్మనిస్తేగా! ఇంతకుముందు ఇద్దరొచ్చారు. ఇంజన్లో ఎలకలు కాపురం పెట్టాయని చెప్పా. మళ్ళీ ఇటు చూస్తే ఒట్టు.”

కారు ఇంటి ముందుకొచ్చింది. గేటు దగ్గర, తడి తలతో, భుజాన తువ్వాలుతో అతను నిలబడి ఉన్నాడు. నోరు తెరిచే ఉంది.

బామ్మ గబుక్కున కిందికి దిగి, కొంగుతో స్టీరింగ్ తుడిచి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

పక్క సీట్లోంచి దిగిన అమ్మాయే ముందు మాట్లాడింది. “నిన్నటి తప్పు నాదండీ. మీరు అబద్ధం చెప్పలేదు.”

“మరి ఆ లప్పం?”

ఆమె బామ్మ ముఖం చూసింది. సర్వీసులో మొదటిసారి నిజాన్ని మింగింది. “అదీ... ఒక్కోసారి... ఎండకి పెయింట్ ఉబ్బి...”

“ఆపు తల్లీ” అంది బామ్మ. “నీకు అబద్ధం చేతకాదు. నేనే గుద్దానురా. ఇప్పుడేం చేస్తావు?”

అతను స్తంభాన్ని చూశాడు. తలుపుని చూశాడు. బామ్మని చూశాడు. “నీకేమన్నా అయ్యుంటే?”

“కాలేదుగా!”

“ఒక్కదానివే వెళ్ళడమేంటి బామ్మా! నన్ను అడిగితే నేర్పేవాణ్ణిగా?”

“నువ్వు నేర్పుతావా? నేను బ్రేకేయకముందే నువ్వు కేకేస్తావు.”

ఆమె నవ్వాపుకుంటూ నేల మీద పాత పేపర్లు పరిచి, కారు కిందికి దూరింది. టార్చి వేసి చివరిదాకా చూసింది. దెబ్బ తలుపు రేకు దాటి లోపలికి పోలేదు. తుప్పూ లేదు. మూడు లక్షలు తిరిగినా బండి ఎముక గట్టిది. బయటికొచ్చి చేతులు దులుపుకుంది.

“తీసుకుంటాను” అంది.

“అలాగే” అన్నాడతను. ఆ మాటలో సంతోషం లేదు.

బామ్మ ఎలకల ఊసెత్తలేదు. తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. “ఉద్యోగానికి కావాలట కదా. నిన్న మీ బాబాయి చెబుతుంటే విన్నా. మంచిది. ఆడపిల్ల తన బండి మీద తను వెళ్ళాలి” అని లోపలికి నడిచింది. అంత చకచకా తిరిగే మనిషి, మెట్ల దగ్గర కాసేపు ఆగిపోయింది.

ఆమె గుప్పిట్లో తాళాలు బరువెక్కాయి. కొత్త బ్రాంచిలో కుర్చీ కావాలి. కానీ ఇలా కాదు.

“బామ్మగారూ! వారమంతా బండి నాది. ఆదివారం పొద్దున మీది. నేనే తెస్తాను, పక్కన కూర్చుంటాను, కేకలు వెయ్యను. ఒప్పుకుంటేనే బేరం.”

బామ్మ వెనక్కి తిరిగింది. అంతకంటే ముందు మనవడు తిరిగాడు.

“అంటే మీరు ప్రతి ఆదివారం మా ఇంటికొస్తారా?”

“ఏం, మీకు ఇబ్బందా?”

“అమ్మకపోతే మీరు మళ్ళీ రారు. అమ్మేస్తే తీసుకెళ్ళిపోయి అసలే రారు. నిన్నట్నుంచీ ఇదే ఆలోచన.”

“తిట్టి వెళ్ళినదాని గురించా?”

“నేను బండి చప్పుళ్ళు చెబుతుంటే మీరు కళ్ళు మూసుకుని విన్నారు. అలా నాతోపాటు ఇంకొకరు వినడం అదే మొదలు.”



కారు హారన్ గట్టిగా మోగింది. బామ్మ అప్పటికే ఆమె చేతిలోంచి తాళాలు లాక్కుని స్టీరింగ్ ముందు కూర్చుంది.

“ఇవాళ ఆదివారమే. ఇద్దరూ వెనక ఎక్కండి. ముందు సీట్లో నా సంచి ఉంది.”

మొదటి మలుపులోనే బండి విసురుగా తిరిగింది. అతను సీటు పట్టుకోబోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. రోడ్డు తిన్నగా అయ్యాక కూడా వదల్లేదు. ఆమె కూడా లాక్కోలేదు.

“భయమా?” అంది మెల్లగా.

“చాలా.”

“బామ్మగారి డ్రైవింగ్‌కేనా?”

“సగం దానికి.”

మిగతా సగం దేనికో ఆమె అడగలేదు.

ఇంటి సందు వచ్చింది. బామ్మ ఒకసారి అద్దంలోకి చూసింది. తిప్పకుండా నేరుగా పోనిచ్చింది.