మలుపు దగ్గర చెయ్యెత్తిన మనిషి

మా ముందుగది చిన్నది. ఒక సోఫా, గోడకి టీవీ, కిటికీకి వదిన కుట్టిన నీలం పరదా. సోఫాని గోడ వారకి జరిపి, గది మధ్యలో అద్దెకి తెచ్చిన సైకిలు పెట్టాం. చక్రాల్లేని సైకిలు. ఎంత తొక్కినా ఉన్నచోటు నుంచి కదలదు. మొదటిసారి చూసినప్పుడు కట్టేసిన గుర్రంలా ఉందని నాకు జాలేసింది. ఆ మాట పైకి అన్నాను కూడా. వదిన నవ్వి, "నీకు స్టూలుని చూసినా జాలేస్తుందిలే" అంది.

సైకిలు అన్నయ్య కోసం. అన్నయ్య బస్సు డ్రైవరు. డిపో గ్యారేజీలో, బస్సుల కింద నిలబడి రిపేరు చెయ్యడానికి ఒక గొయ్యి ఉంటుంది. నూనె మీద జారి అందులో పడ్డాడు. ఎడమకాలు విరిగింది. క్లచ్ నొక్కే కాలు. ఎముక అతుక్కుంది కానీ బలం రాలేదు. డిపో డాక్టరు మళ్ళీ పరీక్ష చేస్తానన్నాడు. అందులో నెగ్గితే స్టీరింగు, లేకపోతే రిటైరయ్యేదాకా ఆఫీసు గదిలో కూర్చుని పాసులు రాసుకోవడం. అది అన్నయ్యకి ఎలా ఉంటుందో మాకు తెలుసు. పొద్దున్నే వీధి చివర మొదటి బస్సు గేరు మార్చే చప్పుడు వినపడితే, మంచం మీద పడుకుని ఎడమకాలు మెల్లిగా నొక్కేవాడు. వదిన చూసి మొహం అటు తిప్పుకునేది.

రోజూ తొక్కమన్నారు. రెండు రోజులు తొక్కి విసుగెత్తిపోయాడు. గోడని చూస్తూ ఎంతసేపు తొక్కేదని గొణుగుడు. అప్పుడు ఆసుపత్రిలో కాలికి వ్యాయామం నేర్పే ఆవిడే చెప్పింది, అందమైన దారుల వీడియోలు ఉంటాయి, టీవీలో పెట్టుకుని తొక్కితే ఆ దారిలో వెళ్తున్నట్టే ఉంటుంది, చాలామంది అలాగే చేస్తారని. ఆ పని నాకు అప్పగించారు. నేను పూలకొట్టులో గుత్తులు కడతాను, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాను. వదిన బట్టల షాపులో బిల్లుల దగ్గర ఉంటుంది, ఆలస్యంగా వస్తుంది. కాబట్టి సాయంత్రాలు అన్నయ్యా నేనూ, ఆ దారులూ.

నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఎన్నడూ చూడని కొండలు, సముద్రాలు మా ముందుగదిలోకి వచ్చేవి. నేను సోఫాలో ముడుచుకుని కూర్చుని, ఆ దారిలో నా పక్కన ఎవరో నడుస్తున్నట్టు ఊహించుకునేదాన్ని. అన్నయ్యకి మాత్రం అన్నిటికీ వంకే. సముద్రం పక్క దారి పెడితే, ఇసుకలో టైరు దిగబడితే వీడి బాబొచ్చి లాగుతాడా అన్నాడు. కొండ మీద పచ్చిక పెడితే, ఆ గొర్రెలకి హారన్ ఎవడు కొడతాడని నాలుకతో తనే కొట్టాడు. మలుపు వస్తే ఒళ్ళంతా వంచేవాడు. ఎవడో తోలుతుంటే కూర్చోవడం డ్రైవరుకి నరకమట.

ఆఖరికి ఒక అడవి దారి నచ్చింది.

ఎవరో సైకిలుకి కెమెరా కట్టుకుని తీసిన వీడియో. తీసినవాడు ఒక్కసారి కూడా కనపడడు, మాట్లాడడు. తడిసిన నల్లటి రోడ్డు, రెండు పక్కలా ఎత్తైన చెట్లు, పైన కొమ్మలు కలిసిపోయి పందిరిలా. మంచు. టైరు కింద ఆకులు చిరచిరమనే చప్పుడు. చివర్లో ఒక చెక్కగేటు దగ్గర వీడియో ఆగిపోతుంది. ఈ రోడ్డు వేసినవాడెవడో పని తెలిసినవాడే అన్నాడు అన్నయ్య. రోజూ అదే పెట్టమనేవాడు. కాలికి బలం రావడం మొదలైంది. వదిన మొహంలో మళ్ళీ నవ్వు కనపడింది.

ఆ దారిలో సగం దాటాక ఎడమవైపు ఒక మలుపు ఉంది. అక్కడ చెట్టు కింద ఒకావిడ నిలబడి ఉంటుంది. తెల్లటి బట్టలు. జుట్టు ముందుకి పడి మొహం కనపడదు. చెయ్యి సగం ఎత్తి ఉంటుంది. రెప్పపాటులో వెనక్కి వెళ్ళిపోతుంది.

నాకు ఆవిడంటే ఎంత ఇష్టమో. ఎవరి కోసమో ఎదురుచూస్తోందనుకునేదాన్ని. వస్తానన్నవాడు రాలేదు, అయినా మంచులో అలాగే నిలబడింది. నేను ఆవిడకి ఒక పెద్ద కథే అల్లుకున్నాను. అన్నయ్యకి మాత్రం ఆ మలుపు దగ్గర మనసు కుదురుగా ఉండేది కాదు. దాటాక కాసేపు మెడ వెనక రుద్దుకునేవాడు. ఇన్నేళ్ళలో చెయ్యెత్తిన మనిషిని వదిలేసి బస్సు పోనివ్వలేదట. స్టాపు కాకపోయినా ఆపేవాడు, దానికోసం పైవాళ్ళ చేత తిట్లు కూడా తిన్నాడు.

"రోజూ ఆవిణ్ణి వదిలేసి వెళ్తున్నానే" అన్నాడొకసారి. నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు.

పరీక్ష మర్నాడనగా వాన పట్టుకుంది. సాయంత్రమే గది చీకటైపోయింది. అన్నయ్యకి కాలు నిలవడం లేదు. కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి. ఆఖరికి ఒక్కసారి తొక్కితే గుండెదడ తగ్గుతుందని సైకిలెక్కాడు. నేను వీడియో పెట్టాను. బయట వాన, టీవీలో తడి రోడ్డు. రెండు చప్పుళ్ళూ కలిసిపోయి, ఏది ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు.

మలుపు వచ్చింది. ఆవిడ కనపడింది.

అన్నయ్య తొక్కడం ఆపాడు.

అలవాటుగా, ఆలోచించకుండా, ఎడమకాలు నొక్కిపెట్టి కుడికాలితో బ్రేకు వేసినట్టు ఆపేశాడు. నేను నవ్వబోయాను.

వీడియో కూడా ఆగింది.

రిమోటు నా ఒళ్ళో ఉంది. నేను ముట్టుకోలేదు. రోడ్డు ఆగింది, మంచు ఆగింది. రాలుతున్న ఒక ఆకు గాల్లోనే నిలిచిపోయింది. అన్నీ బొమ్మలా ఆగిపోయాయి… ఆవిడ తప్ప.

ఆవిడ చెయ్యి దించింది. మెల్లిగా రోడ్డు మీదికి వచ్చింది. అలసిపోయిన మనిషి నడకలా ఉంది. ఒక్కో అడుగూ దగ్గరికి… దగ్గరికి… టీవీ అంచు దాకా వచ్చి, అంచు దాటి కనపడకుండా పోయింది.

సైకిలు కిర్రుమంది. వెనకవైపు కొంచెం కుంగింది.

గాల్లో ఆగిన ఆకు నేల మీద పడింది. రోడ్డు మళ్ళీ కదిలింది.

"ఎక్కింది" అన్నాడు అన్నయ్య.

ఎంతో తృప్తిగా అన్నాడు. ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను. అనుకోవాలని ఎంతో ప్రయత్నించాను. కానీ పెడళ్ళు తిరగడం లేదు. లేచి నిలబడి, ఒంటి బరువంతా వేసి తొక్కుతున్నాడు. బరువు పెంచే మర ఒకటి హ్యాండిలు కింద ఉంటుంది. వంగి చూశాను. అది అన్నిటికన్నా తక్కువ దగ్గరే ఉంది.

అప్పుడు వాసన వచ్చింది. మా కొట్టులో బకెట్లలో నీళ్ళు మార్చడం మర్చిపోతే పూలకాడలు కుళ్ళి ఒక వాసన వేస్తాయి. తియ్యగా, ముక్కుకి అంటుకునేలా. పైన పువ్వు మాత్రం ఇంకా అందంగానే ఉంటుంది. ఆ వాసన.

చాలు, దిగమన్నాను. వినలేదు. చెయ్యి పట్టుకుని లాగాను. మంచుముక్కలా ఉంది. హ్యాండిలు మీద నుంచి ఒక్క వేలు కూడా ఊడదీయలేకపోయాను. ఎడమకాలు కుట్లు వేసిన చోట ఉబ్బుతోంది. ఆ కాలు పోతే రేపటి పరీక్ష పోయినట్టే. అన్నయ్యకి నొప్పి తెలుస్తూనే ఉంది. పళ్ళు బిగబట్టి తొక్కుతున్నాడు.

టీవీ ఆపేశాను.

గది చీకటైంది. కానీ చప్పుడు ఆగలేదు… తడి రోడ్డు మీద టైరు… ఆకుల చిరచిర… మా గదిలోనే… మా చుట్టూనే.

"లైట్లు ఆర్పకే" అన్నాడు అన్నయ్య. "దారి కనపడ్డం లేదు. వెనక మనిషి ఉంది."

మళ్ళీ పెట్టాను. రెండుసార్లు తప్పు నొక్కాను. దారి వెలిగింది. రోజూ చూసే దారి కాదు. ఆ చెట్లను నేనెప్పుడూ చూడలేదు. మరీ దగ్గరగా ఉన్నాయి. రోడ్డు సన్నబడిపోతోంది.

ఎక్కడికి పోతోందో తనకీ తెలియదన్నాడు. పాసింజరు ఉండగా బండి వదలకూడదన్నాడు. డ్రైవరు వెనక్కి తిరగకూడదన్నాడు. ఊపిరి అందడం లేదు, ఒక్కో మాటా విడివిడిగా వస్తోంది. తరవాత చిన్నప్పుడు నాతో బస్సాట ఆడేటప్పుడు పిలిచినట్టు పిలిచాడు.

"కండక్టరమ్మా… ఎక్కడ దిగాలో అడుగు."

సైకిలుకీ సోఫాకీ మధ్య సందు ఉంది. ఒక మనిషి పట్టేంత. నేను అక్కడికి వెళ్ళి నిలబడ్డాను. కాళ్ళ కింద నేల తడిగా ఉంది. ఎవరూ లేరు. సీటు వెనక ఉత్త గాలి. కానీ ఆ గాలి, మా కొట్టులో పూలు దాచే చల్లగది తలుపు తీసినప్పటిలా మొహానికి తగులుతోంది.

గుసగుసగా అడిగాను.

"ఎక్కడ దిగుతారండీ?"

జవాబు నా చెవి పక్కనే వచ్చింది. కోపం లేదు. బెదిరింపు లేదు. నేను నా ఊహల్లో ఎవరితోనో చెప్పుకునే మాటల్లో ఎంత ప్రేమ ఉంటుందో, అంత ప్రేమ.

"దిగను."

"ఏమందే?" అన్నాడు అన్నయ్య.

అన్నయ్య వీపు చూశాను. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఎడమకాలు పెడలు మీద వణుకుతోంది. నిజం చెబితే ఆయన ఆపడు. దిగని మనిషిని ఎక్కించుకున్న డ్రైవరు ఎక్కడ ఆపుతాడు?

"డిపోలోనట" అన్నాను.

అన్నయ్య భుజాలు వదులయ్యాయి. డిపోయే కదా, వచ్చేశాం అన్నాడు. ఆ మాటతో చెట్లు పలచబడ్డాయి, తెలిసిన రోడ్డు వచ్చింది, తెలిసిన చెక్కగేటు వచ్చింది. వీడియో ఆగింది. అన్నయ్య పక్కకి వంగి, లేని హ్యాండ్‌బ్రేకు లాగాడు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"దిగిందా?"

సైకిలు కిర్రుమనలేదు. నాకు ఏ చప్పుడూ వినపడలేదు.

"దిగింది" అన్నాను.

వదిన వచ్చేసరికి అన్నయ్య సోఫాలో పడుకున్నాడు. నేల తడి చూసి, పూలబకెట్లు ఇంట్లోకి ఎందుకు తెచ్చావని నన్ను కేకలేసింది. ఉబ్బిన కాలు చూసి అన్నయ్యని అంతకన్నా ఎక్కువ తిట్టింది. తిడుతూనే ఐసు పెట్టి గుడ్డ కట్టింది. నేనేం చెప్పలేదు. చెబితే నమ్మేది కాదు. నమ్మితే ఇంకా కష్టం.

తెల్లారేసరికి వాపు లేదు. కట్టు విప్పిన వదిన ఆ కాలిని అటూ ఇటూ తిప్పి చూసింది. పరీక్షలో డాక్టరు మోకాలి మీద ఎంత బలంగా నొక్కినా కాలు వంగలేదట. ఇంత బలం ఇంత తొందరగా రావడం ఎక్కడా చూడలేదన్నాడట. అన్నయ్యకి స్టీరింగు తిరిగొచ్చింది. వదిన వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చుకుంది. సైకిలు తిరిగి ఇచ్చేశాం. వీడియో నేనే తీసేశాను. సోఫా మళ్ళీ గది మధ్యకి వచ్చింది. అయినా నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాదు. పూలు కడుతూ కడుతూ లేచి వీధిలోకి వచ్చేస్తుంటాను. ఎందుకొచ్చానో తెలియదు.

అన్నయ్య మళ్ళీ బండెక్కిన రోజు, కొట్టు మూసే వేళకి, నేనూ ఆ బస్సే ఎక్కాను. జనం కిక్కిరిసి ఉన్నారు. ముందు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అన్నయ్య నన్ను అద్దంలో చూసి మొహమంతా నవ్వాడు. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది. నా కళ్ళు చెమర్చాయి. ఏమీ లేదు, అంతా అయిపోయింది అనుకున్నాను.

డ్రైవరు వెనక ఇద్దరు పట్టే సీటు ఖాళీగా ఉంది.

ఇంత జనంలో ఎవరూ కూర్చోలేదేమని చూశాను. సంచి పట్టుకున్న ఒకాయన వచ్చాడు, కూర్చోబోయాడు, "సారీ అండీ" అని పక్కకి జరిగి నిలబడ్డాడు. తరవాతి స్టాపులో ఎక్కిన కాలేజీ అమ్మాయి కూడా వంగింది, "సారీ" అని వెనక్కి వెళ్ళిపోయింది. నాకు మాత్రం అక్కడ ఎవరూ కనపడలేదు. రెగ్జిను సీటు, మధ్యలో కొంచెం కుంగి ఉంది. అంతే.

అన్నయ్య మళ్ళీ అద్దంలోకి చూశాడు. నావైపు కాదు. నా పక్కన, కాస్త కిందికి. కొత్త పాసింజర్లతో మాట్లాడే గొంతుతో, మర్యాదగా అన్నాడు.

"కాస్త జరుగు తల్లీ. మా చెల్లెలు కూర్చుంటుంది."

నావైపు ఉన్న సగం సీటు మెల్లిగా పైకి లేచింది. కిటికీ వైపు సగం కుంగింది.