బండలో పగులు

“నన్ను బండ అంటావా?”

మార్కాపురం బస్టాండులో గిద్దలూరు బస్సు కోసం నిలబడ్డ కృప తలెత్తేసరికి ఎదురుగా ఎబినేజర్. ఒంటినిండా బోరు దుమ్ము, చేతిలో నిన్న ఆమె ఇచ్చిన కాగితం, ముక్కు మీద కోపం.

“పది రోజుల కింద నా మనసులో మాట చెప్పినా. జవాబు కవితలో ఉందన్నావు. చదివినా. సాయంత్రం మా బోరు బండి కర్ణాటక పోతాంది, ఆరు నెలలు. ఇష్టం లేకుంటే లేదని చెప్పు, ఆడనే ఉండిపోతా. ఇంత వంకర ఎందుకు?”

కృపకు నవ్వొచ్చింది. ఎమ్మే ఇంగ్లీషులో ఆమె ప్రాజెక్టు పాతకాలపు ప్రేమ కవితల మీద. ప్రేమను పూలతో, వెన్నెలతో కాకుండా పనిముట్లతో, లెక్కలతో పోల్చే తిక్క కవితలవి. చదివీ చదివీ ఆ తిక్క ఆమెకూ అంటుకుంది.

“ఏదీ, పైకి చదువు.”

అతను కాగితం విప్పాడు.

ఇన్నూరు అడుగులు: ఎర్రమన్ను, దుమ్ము, నాయన మౌనం
నన్నూరు అడుగులు: బండ, నువ్వు
ఆరునూరు: బం      డ

“చూడు, రెండుసార్లు తిట్టినావు. రెండోసారి టైపింగు కూడా తప్పే.”

“నీ పేరుకు అర్థమేంది ఎబీ?”

అతను చిన్నప్పటి నుంచి చర్చిలో వింటున్నదే. “సహాయపు రాయి.”

“మరి రాయిని బండంటే కోపమెందుకు? సరే, అది మీనింగు. ఇప్పుడు ఫార్మ్, అంటే కవిత ఆకారం చూడు. లైన్లు కిందికి పోయేకొద్దీ ఏమైతాండాయి?”

“సన్నబడతాండాయి... బోరు గుంత మాదిరి.”

“మూడో లైన్లో బండ మధ్యన ఆ ఖాళీ ఏంది?”

ఎబినేజర్ వేలు ఆ తెల్లటి చోట ఆగిపోయింది. కొమరోలులో కృప వాళ్ల చేను గుర్తొచ్చింది. మూడు బోర్లు ఎండిపోయాక నాలుగోది వేయడానికి వెళ్లింది తనే. నాలుగువందల అడుగుల దగ్గర ఆమె నాయన కరుణాకరం “చాల్లే, ఆపయ్యా” అన్నాడు. “ఇంకొక్క రాడ్డు మామా, ఇంకొక్క రాడ్డు” అంటూ తను ఆరునూరు దాకా దించాడు. గట్టు మీద కూర్చుని అడుగులు లెక్కరాసిన అమ్మాయిని చూసింది ఆ రోజే.

“పగులు,” అన్నాడు మెల్లగా. “బండలో పగులు. మన పక్క నీళ్లుండేది ఆడనే.”

“ఇప్పటికి ఎక్కిందా?”

ఎక్కింది. అతని మొహం వెలిగిపోయింది. “మరి నీళ్లు పడినట్టు రాయలేదేంది?”

“మా నాయన కూడా అదే అడిగినాడు.”

“మీ నాయనకు చూపించినావా!”

“చూపించినా. నాలుగో లైను ఆ అబ్బాయే రాయాలని చెప్పినా.”

“దానికేమన్నాడు?”

“‘పెన్ను ఇచ్చినావా’ అన్నాడు.”

కృప పెన్ను చాపింది. “ఆరు నెలలే కదా, పోయిరా. నేను యాడికీ పోనులే.”

అతను కాగితాన్ని అరచేతిలో పరిచేలోగా ఆ ఖాళీ మీద టప్పున ఒక చినుకు పడింది. వెంటనే ఇంకొకటి. జనమంతా షెడ్డు కిందికి పరుగెత్తారు. గిద్దలూరు బస్సు వచ్చింది, వెళ్లింది. వీళ్లిద్దరూ కదల్లేదు.

సిరా పాకిపోతున్నా, ఎబినేజర్ వంకర అక్షరాలతో రాశాడు: నీళ్లు పడినాయి.