తిరగని స్వివెల్, తిరగబడ్డ మెన్సిమా

"ఇది స్వివెలా, చెవికి పెట్టుకునే దుద్దా?"

కౌంటరు మీద ఉక్కు ముక్క ఠంగుమంది. వెనకే ఎకో గొంతు ఖంగుమంది. పేరుకు తగ్గ గొంతే, మెల్లగా మాట్లాడినా నాలుగు దుకాణాల అవతలికి వినపడుతుంది.

టకొరాడి రేవుపట్నంలో మా కొకొంపే బజారంటేనే ఇనుప ముక్కల సంత. అందులో గొట్టాలూ వాటి బిగింపులూ అమ్మే మెన్సిమా, తింటున్న మొక్కజొన్న కెంకే ముద్దని అరిటాకుతో సహా పక్కకి నెట్టింది.

"ఏవయ్యా మాస్టరూ, ఇది మూడోసారి. మొదటిది వదులన్నావు, రెండోది బిగుతన్నావు. మూడోదానికేం రోగం?"

"కారుతోంది! మరలు ఎక్కాయి, నీళ్లు కారుతున్నాయి!"

"బ్రిటిషు మరకి అమెరికా మర ఎక్కుతుంది, కానీ నిలవదు. అందుకే పాతది తెమ్మని మొత్తుకున్నా. పాత ముక్క చూపించకుండా కొత్త ముక్క అడిగేవాణ్ణి కొకొంపేలో నిన్నే చూశా. మరా తెలీదు, మర్యాదా తెలీదు!"

"నా మర్యాద నీకెందుకు? సామాను అమ్ము!"

పక్కన చేపలు వేయించే ఆంటీ మూకుడు మీంచి తల ఎత్తింది. "ఒసేయ్ మెన్సిమా, ఆ అబ్బాయి ముక్క కోసం రావట్లేదే. నీ ముక్కు మీది కోపం చూడ్డానికొస్తున్నాడు."

ఇద్దరికీ ఒకేసారి మండింది. ఆంటీ పొయ్యి కూడా అంత మండలేదు.

ఎకోది నీళ్ల ప్రెషరుతో ఫ్యాక్టరీ గొట్టాలు కడిగే పని. పదివేల పౌండ్ల ప్రెషరు. ఇనుము మీది తుప్పునే ఒలిచేస్తుంది, మనిషి చర్మం దానికొక లెక్కా? ఆ నీళ్ల గొట్టం మెలిపడకుండా చివర గిరగిరా తిరిగే కీలే స్వివెల్. అది పాడైంది. రేపు పదింటికి కోకో ఫ్యాక్టరీలో పంపు ఆన్ కాకపోతే నీ ఉద్యోగం ఆఫ్ అన్నాడు సూపర్‌వైజరు. పాపం, తిరిగే ముక్క కోసం ఊరంతా తిరిగి, తిట్టే మనిషి దగ్గరికే తిరిగొచ్చాడు.

"పాతది చూపిస్తావా, షట్టరు దించెయ్యనా?"

ఎకో మొహం పక్కకి తిప్పుకుని జేబులోంచి తీసిచ్చాడు. మెన్సిమా మరల మీద గేజి ఆనించి కొలత రాసుకుంది. తర్వాత కీలు పట్టుకుని తిప్పింది. తిరగలేదు. చుట్టూ నల్లగా వెల్డింగు మచ్చ.

"ఇది ఎవరు చేశారు?" గొంతు హఠాత్తుగా తగ్గింది. అరుపుకన్నా అదే భయంగా ఉంది.

"కారుతోంది కదాని... నేనే."

"తిరగాల్సినదాన్ని అతికించేశావా? గొట్టం మెలిపడి, నట్టు దానంతటదే ఊడి, పాములా లేచి కొడితే? అప్పుడా కొస ఎవరి చేతిలో ఉంటుంది?"

"నా చేతిలోనే."

"కారేది ఎక్కడో ఎలా తెలిసింది?"

"వేలు పెట్టి చూశా."

మెన్సిమా లేచింది. బయటికి నడిచి, పొద్దుటి నుంచి వానకి పొంగుతున్న మురుక్కాలవలోకి ఆ ముక్కని విసిరేసింది.

"పిచ్చా నీకు? కొత్తది దొరక్కపోతే రేపు దాంతోనే పని!"

"అందుకే పారేశా!"

"నా ఉద్యోగం పోతుంది!"

"పోనీ! ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది. చేతులు ఏ బజార్లో దొరుకుతాయో చెప్పు, నేనే తెచ్చి అమ్ముతా!"

ఎకో కాలవలోకి దిగబోయాడు. మెన్సిమా చొక్కా పట్టుకుని లాగింది. గుండీ తెగి ఎటో ఎగిరింది. వాన ఇద్దరి మీదా సమానంగా కురిసింది. ఆమె రెప్పల మీద నిలిచిన చినుకు రాలేదాకా ఎకో చూస్తూనే ఉన్నాడు.

"చూస్తావేం? ఫోన్ తియ్యి!"

దూరాన తేమా పట్నంలో ఏడు దుకాణాలు లేదన్నాయి. ఏడుగురూ తిట్లు తిన్నారు. ఎనిమిదోవాడు ఉందన్నాడు. వాడి చేత మర కొలతా ప్రెషరూ రెండుసార్లు చదివించి, ఫొటో తెప్పించుకుని, తెల్లవారుజాము బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపమంది.

పొద్దున్న బస్టాండులో మెన్సిమా ఎకోకన్నా ముందే నిలబడి ఉంది.

"నువ్వెందుకొచ్చావు?"

"నీ కళ్ల మీద నమ్మకం లేక. డ్రైవరు గొడుగు పిడి ఇచ్చినా తీసుకుపోయి బిగిస్తావు."

పదైంది. బస్సు రాలేదు, ఫోనొచ్చింది. సూపర్‌వైజరు అరుపు మెన్సిమాకీ వినపడింది.

ఎకో ఈసారి అరవలేదు. "సార్, ముక్క వచ్చాకే పంపు. మళ్లీ వెల్డింగు చేసి ఆన్ చేద్దామంటారా, కొస మీరు పట్టుకోండి."

కొస పట్టుకునేంత కోపం ఆయనకీ లేదు. "పదకొండు దాకా చూస్తా" అని పెట్టేశాడు.

మెన్సిమా ఓరగా చూసింది. మెచ్చుకోలు కాబోలని ఎకో నవ్వబోయాడు. "పళ్లు ఇటు చూపించకు, బస్సొచ్చేది అటు" అంది.

పదిన్నరకి బస్సొచ్చింది. పదకొండుకి పది నిమిషాలుండగా ఫ్యాక్టరీలో మెన్సిమానే స్పానరు పట్టి బిగించింది. పంపు గర్రుమంది. ఎకో వేలు అలవాటుగా ముందుకెళ్లింది. ఆ వేలి మీద ఫట్‌మని ఒకటిచ్చి, అట్టముక్క ఒకటి బిగింపు చుట్టూ తిప్పి చూపించింది. అట్ట పొడిగా ఉంది. కీలు గిరగిరా తిరుగుతోంది. సూపర్‌వైజరు గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

ఎకో వేలు రుద్దుకున్నాడు. "నీకు వంద మంది కస్టమర్లున్నారు కదా. అందర్నీ ఇలాగే కొడతావా?"

"వాళ్ల మీద నాకు కోపం రాదు."

"నా మీదే ఎందుకొస్తుంది?"

"అదీ నేనే చెప్పాలా?" మొహం ఎర్రబడింది. ఈసారి ఒక్క కోపంతోనే కాదు.

పంపు హోరులో వినపడదేమోనని ఎకో దగ్గరికి జరిగాడు. "ఆదివారం మా మేనమామ ఆనవాయితీగా మందు సీసా పట్టుకుని, పిల్లనడగడానికి మీ ఇంటి తలుపు తడితే?"

"మా నాన్న తీస్తాడు."

"మరి నువ్వు?"

"లోపల కోపంగా కూర్చుంటా." స్పానరు సంచిలో పడేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరిగి అరిచింది. "ఎన్నింటికొస్తారో చెప్పి చావొచ్చుగా, వంట చెయ్యద్దూ!"