సున్నాకి ఎర్ర రంగు

“మూడేళ్లలో ఒక్క పురుగైనా పట్టలేదా మీరు?”

బ్రాన్విన్ టల్లీ అడిగిన తీరుకి కౌన్సిల్ సభ్యులు ఏడుగురూ బిస్కెట్లు నమలడం ఆపేశారు. ఫెర్గస్ హాడో ఒక్కడే ఆపలేదు. తాపీగా నమిలి మింగి, ఒక గుక్క టీ తాగి, అప్పుడు తలెత్తాడు.

“లేదు.”

“నాలుగు వేల నూట ఏడు సార్లు చూశారు. ఒక్కటీ దొరకలేదు.”

“లేదన్నానుగా.”

“సిగ్గుగా అనిపించడం లేదా?”

“గర్వంగా ఉంది.”

బ్రాన్విన్‌కి ఒళ్లు మండింది. ఆరడుగుల మనిషి, మోచేతుల దగ్గర చిరిగిన స్వెటర్, జేబులోంచి తొంగిచూస్తున్న భూతద్దం. ఏళ్ల తరబడి ఏమీ చెయ్యకుండా కూర్చోడానికి శాస్త్రం అని పేరు పెట్టుకున్నాడు!

దక్షిణ దీవుల కీటక శాస్త్రవేత్తల సంఘానికి హోబార్ట్ రేవు పక్కన, ఒక బేకరీ మేడ మీద రెండు గదులున్నాయి. సభ్యులు నూట ఎనభై మంది. డెబ్బై ఏళ్లుగా పురుగుల్ని చూసుకుంటూ, పత్రిక అచ్చు వేసుకుంటూ, కింది నుంచి వచ్చే రొట్టెల వాసన పీలుస్తూ సుఖంగా బతికారు. కిందటేడు అధ్యక్షుడు డాక్టర్ డెస్మండ్ ప్రౌస్ మెల్‌బోర్న్‌లో ఏదో సదస్సుకి వెళ్లి, అక్కణ్ణుంచి స్ట్రాటజిక్ ప్లాన్ అనే జబ్బు అంటించుకొచ్చాడు. ఆ జబ్బు ముదిరి, పనితీరుని అంకెల్లో కొలిచి తెర మీద చూపే డాష్‌బోర్డ్ దాకా వచ్చింది. దాని కోసమే ఆరు నెలల కాంట్రాక్టు మీద బ్రాన్విన్‌ని తీసుకొచ్చారు.

ఆమె అంతకుముందు ఒక స్నానాల తొట్ల కంపెనీకి ఇదే పని చేసింది. తొట్లకీ శాస్త్రవేత్తలకీ పెద్ద తేడా కనిపించలేదు ఆమెకి. రెండూ బరువే, రెండూ తోస్తే గానీ కదలవు.

డాష్‌బోర్డ్‌లో ఇరవై నాలుగు గడులు. టార్గెట్ అందితే ఆకుపచ్చ, అందకపోతే ఎరుపు. ఇరవై మూడు గడులు పచ్చగా నిగనిగలాడుతున్నాయి. ‘సభ్యుల సంతృప్తి’ కూడా పచ్చే. సర్వేకి జవాబిచ్చింది ముగ్గురు, ఆ ముగ్గురూ ప్రౌస్ శిష్యులు.

ఒక్క గడి మాత్రం రక్తం కారుతోంది: రైతులు తెచ్చే పురుగుల్ని ఫెర్గస్ పరీక్షించే బల్ల గడి. ‘హ్యూవన్ లోయ బుధవారం బల్ల, కాయతొలుచు పురుగు. కొత్త గుర్తింపులు: టార్గెట్ పన్నెండు, సాధించినది సున్నా.’

“వచ్చే శుక్రవారం ఓటింగ్,” అన్నాడు ప్రౌస్, టై సర్దుకుంటూ. “ఎర్రగా ఉన్నదాన్ని ఎత్తేస్తాం. అది మన ప్లాన్. నొప్పిగా ఉన్నా తప్పదు ఫెర్గస్.”

“నొప్పి మీకా?” అన్నాడు ఫెర్గస్. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. “టార్గెట్ పన్నెండు అని ఎవరు పెట్టారు?”

“నేనే,” అంది బ్రాన్విన్. “నెలకొకటి. మర్యాదగానే ఉందనుకున్నాను.”

అతను ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. డబ్బాలో కొత్త రకం పురుగు కనిపించినట్టు. తర్వాత పెద్దగా నవ్వాడు.

“నెలకొకటా! చాలా మర్యాదగా ఉంది మేడమ్. తొట్లు ఇలాగే అమ్మేవారా?”

“ఏం తప్పో చెప్తే సరిచేస్తాను.”

“చెప్తే అర్థమయ్యేవాళ్లు ఆ టార్గెట్ పెట్టరు.”

తలుపు దడాలున మూసుకుంది. మిగతావాళ్లు మళ్లీ బిస్కెట్లు నమలసాగారు.

*

బుధవారం బ్రాన్విన్ హ్యూవన్ లోయకి కారేసుకుని బయల్దేరింది. ఆ బల్ల ఎంత దండగో కళ్లారా చూసి, రెండు ఫొటోలు తీసి రిపోర్టుకి జత చెయ్యాలని. దారి పొడవునా వాన. ఆపిల్ తోటలు తడిసి ముద్దయిపోయి ఉన్నాయి.

పాత ప్యాకింగ్ షెడ్డులో ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, ఒక లావుపాటి నోటుబుక్కు. బల్ల ముందు తొమ్మిది మంది రైతులు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక గాజు సీసా.

“వచ్చారా!” అన్నాడు ఫెర్గస్ తలెత్తకుండా. “సమాధికి కొలతలు తీసుకోడానికా?”

“ఫొటోలకి. నవ్వండి.”

“మెర్ల్‌కి జ్వరం. రెండో సంతకానికి మనిషి లేడు. కెమెరా పక్కన పెట్టి ఇటు రండి. జీతం తీసుకుంటున్నారుగా, ఒక్కరోజు పని చెయ్యండి.”

“రెండో సంతకం ఏమిటి?”

“ఒక్కడి కళ్లని నమ్మం మేం. నేను చూసి రాసింది ఇంకొకరు చూసి సంతకం పెడితేనే ఆ వరస లెక్కలోకి వస్తుంది. ఊరికే మైక్రోస్కోపులో చూసి చారలు లెక్కపెట్టడమే. మూడు దాకా లెక్కపెట్టడం వచ్చా, లేక దానికీ కన్సల్టెంట్ కావాలా?”

ఆ మాటకి బదులు చెప్పడానికే ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

వెతుకుతున్నది ఎర్రమూతి కాయతొలుచు పురుగు కోసం. దాని రెక్క మీద మూడు తెల్ల చారలుంటాయి. అలాగే కనిపించే స్థానిక పురుగుకి రెండే. ఇద్దరి తలలూ మైక్రోస్కోపు దగ్గరికొచ్చాయి. అతని స్వెటర్ నుంచి తడి ఉన్ని వాసన, ఆపిల్ వాసన కలిసి వచ్చాయి. బ్రాన్విన్ చారలు లెక్కపెట్టడంలో ఒకసారి తడబడి, మళ్లీ మొదలుపెట్టింది.

“రెండు,” అంది.

“నిదానంగా చూడండి.”

“రెండే. రెండో దాని చివర విరిగినట్టుంది. అది మూడోది కాదు.”

ఫెర్గస్ మొదటిసారి ఆమె వైపు సరిగ్గా చూశాడు. “మెర్ల్‌కి అది పట్టుకోడానికి ఏడాది పట్టింది,” అన్నాడు. వెంటనే, పొగిడినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు, నోటుబుక్కు లాక్కుని ‘అదేనా?’ అన్న గడిలో ‘కాదు’ అని రాశాడు. ఆమె పక్కన సంతకం పెట్టింది.

సీసా తెచ్చిన నోరీన్ స్కెగ్స్ ముఖం చాటంత అయింది. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్ల దాకా బురద బూట్లు. “కాదా? కాదు కదూ! నీ నోట్లో చక్కెర పొయ్య, నాయనా!” అంటూ పొట్లంలోంచి సముద్రపు గుల్లల మాంసం కూరిన వేడి రొట్టె తీసి, ముక్కలు చేసి ఇద్దరికీ పెట్టింది.

తొమ్మిది మందికీ అదే జవాబు. తొమ్మిది మందీ పండగ చేసుకున్నారు.

“ఏమీ దొరకనందుకు ఇంత సంబరమేమిటండీ?” అని బ్రాన్విన్ నోరీన్ చెవిలో అడిగింది.

నోరీన్ ఆమె వంక జాలిగా చూసింది. “ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావమ్మాయ్? సముద్రం అవతల కొనేవాళ్లు మా పళ్లు విషప్పొగ పెట్టకుండా తీసుకుంటారు. ఎందుకు? ఈ లోయలో ఆ పురుగు లేదు గనక. లేదని ఎవరు చెప్పాలి? వెతికినవాడు చెప్పాలి. వెతికి, లేదని రాసినవాడు. ఆ పుస్తకంలో ఉన్న ప్రతి ‘కాదు’ మా అన్నం. ఒక్క ‘ఔను’ పడిందా, రేవులో ఓడ కదలదు.”

బ్రాన్విన్ చేతిలో రొట్టె ముక్క చల్లారిపోయింది.

ఆమె పెట్టిన టార్గెట్ ఏమిటి? లోయని నెలకొకసారి నాశనం చెయ్యమని!

“ఈ ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా!” అంది ఫెర్గస్ మీదికి వెళ్లి.

“అడిగే ముందే ఎర్ర రంగు పూశారుగా!”

“పూస్తాను. మళ్లీ తుడుస్తాను. మీలాగా పొగరుతో నోరు మూసుక్కూర్చోను!”

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. ఫెర్గస్ గొడుగు తీసి ఆమె చేతిలో పెట్టాడు. “కారు దాకా తడుస్తారు,” అన్నాడు గొణుగుతున్నట్టు. గొడుగుకి రెండు చువ్వలు విరిగి ఉన్నాయి. ఆమె సగం తడిసింది. ఎందుకో ఇంటిదాకా నవ్వుకుంటూనే ఉంది.

*

గురువారం పొద్దున్నే ఆమె ప్రౌస్ గదిలోకి వెళ్లింది. “టార్గెట్ తప్పు సార్. సున్నా ఉండాలి. సున్నా వస్తే ఆకుపచ్చ.”

ప్రౌస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “సున్నా టార్గెట్టా? రేపు అందరి ముందూ తెర మీద సున్నా చూపించనా? మన సంఘం విజన్ ఏమిటి బ్రాన్విన్?”

“ఏమిటి సార్?”

“నాకు సరిగ్గా గుర్తులేదు, కానీ అందులో సున్నా లేదు.”

“ఆ టార్గెట్ పెట్టింది నేను. మార్చేది కూడా...”

“కౌన్సిల్ అనుమతి లేకుండా టార్గెట్ ముట్టుకోకు. వెళ్లు.”

టార్గెట్‌ని ప్రౌస్ కూడా ముట్టుకోలేదు. ఆ సాయంత్రం నాలుగు గంటలకి ఎదురుగా ఒక్క ఎర్ర గడి, రేపటి మీటింగ్, అధ్యక్షుడి పరువు. గడి పచ్చబడితే ఎత్తేసే గొడవా ఉండదు, టార్గెట్ తప్పన్న గొడవా ఉండదు; దానికి పన్నెండు కావాలి. ‘సాధించినది’ అన్నచోట పన్నెండు అని కొట్టాడు. గడి పచ్చబడింది. సంతోషంగా ఇంటికెళ్లాడు.

పారదర్శకత అనే ఇంకో గడి కోసం ఆ డాష్‌బోర్డ్ దానంతటదే సంఘం వెబ్‌సైట్‌లోకి ఎక్కుతుందన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి ప్రపంచమంతా చదివింది: హ్యూవన్ లోయలో కాయతొలుచు పురుగు, కొత్త గుర్తింపులు పన్నెండు.

తొమ్మిదింటికి ఓడ ఆగింది. పదింటికి నోరీన్ తడిసిన బూట్లతోనే మేడ మెట్లెక్కి వచ్చి, “నా పళ్లన్నీ రేవులో ఉన్నాయిరా దరిద్రుల్లారా!” అని ప్రౌస్ టేబులు మీద గుద్దింది. ఆమె వెనకే క్వారంటైన్ ఇన్‌స్పెక్టర్ ఒకావిడ వచ్చింది. పేరు విల్మా క్రోథర్. నవ్వడం ఆవిడ ఉద్యోగ నిబంధనల్లో లేదు.

ఆఖర్న ఫెర్గస్ వచ్చాడు, చంకలో పదకొండు నోటుబుక్కులతో. తిన్నగా బ్రాన్విన్ దగ్గరికి నడిచాడు.

“గడి పచ్చగా మెరుస్తోంది. కంగ్రాట్యులేషన్స్ మేడమ్,” అన్నాడు.

“నేనే చేశాననుకున్నారా?”

“పన్నెండు ఎవరి అంకె?”

“టార్గెట్ నాది. అబద్ధం నాది కాదు.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతులో మాత్రం నిప్పే ఉంది. “తొమ్మిది సార్లు ‘కాదు’ అని సంతకం పెట్టిన చెయ్యి, మర్నాడే పన్నెండు అని కొడుతుందా? రెండో కళ్లు లేకుండా దేన్నీ నమ్మనన్నారే! నా విషయంలో ఒక్కడి కళ్లే సరిపోయాయా?”

ఫెర్గస్ చంకలోని నోటుబుక్కులు బల్ల మీద దించాడు.

ప్రౌస్ గొంతు సవరించుకున్నాడు. “పాపం, కొత్త అమ్మాయి. లెక్కల్లో చిన్న పొరపాటు...”

“డాష్‌బోర్డ్‌లో ఎవరు ఏ అంకె మార్చారో అంతా ఉంటుంది సార్,” అంది బ్రాన్విన్. తెర మీద ఒక వరస వెలిగించింది. గురువారం సాయంత్రం, నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. సున్నా తీసేసి పన్నెండు. మార్చినవారు: డి. ప్రౌస్. “మా అందరి పనితీరు కొలవాలని ఆ ఏర్పాటు పెట్టించింది మీరే.”

గదిలో ఎవరూ బిస్కెట్టు ముట్టుకోలేదు.

“తప్పులో సగం నాది,” అంది ఆమె ఇన్‌స్పెక్టర్‌తో. “ఎందుకు వెతుకుతున్నారో అడక్కుండా టార్గెట్ పెట్టాను. అసలు లెక్క ఆ పుస్తకాల్లో ఉంది. చూడండి.”

విల్మా క్రోథర్ చూసింది. రెండు గంటల సేపు పేజీ పేజీ తిరగేసింది. కాదు, రెండు సంతకాలు. కాదు, రెండు సంతకాలు. చివరి పుస్తకం చివరి పేజీకి వచ్చేసరికి ఫెర్గస్ ఉలిక్కిపడి లేచాడు.

“అది అక్కర్లేదండీ. మిగిలినవన్నీ అయిపోయాయిగా!” అని చెయ్యి చాపాడు.

ఇన్‌స్పెక్టర్ పుస్తకం వెనక్కి లాక్కుంది. పైకే చదివింది.

“నాలుగు వేల నూట పదిహేడు. దొరికిన చోటు: నా బల్ల దగ్గర, వానలో. గుర్తులు: విరిగిన చారని మూడోది అనుకోలేదు. తిడితే తిరిగి తిడుతుంది. గొడుగు తిరిగివ్వలేదు. అదేనా? ... ఇక్కడ ఖాళీగా ఉంది. రెండో సంతకం లేదు.” కళ్లజోడు పైనుంచి చూసింది. “ఇదేం పురుగు?”

ఫెర్గస్ చెవులు హోబార్ట్ రేవులో దీపాల్లా ఎర్రబడ్డాయి. నోరీన్ పకపకా నవ్వింది. “అయ్యో నాయనా, పురుగే! కాకపోతే నీ బుర్రలో దూరింది!”

“అసంపూర్తి వరస ఉన్న పుస్తకాన్ని నేను ఆమోదించను,” అంది ఇన్‌స్పెక్టర్. “తేల్చండి. ఓడ మీ కోసం ఆగి ఉంది.”

ఫెర్గస్ పెన్ను తీశాడు. బ్రాన్విన్ వైపు చూశాడు. వారం రోజుల వెటకారం ఆ ముఖంలో ఎక్కడా లేదు.

“పొద్దున్న అన్నది తప్పు,” అన్నాడు మెల్లగా. “క్షమించు. ఇది మాత్రం బుధవారమే తెలుసు. రాయడానికి ధైర్యం చాల్లేదు.”

‘అదేనా?’ అన్న గడిలో, మూడేళ్లలో మొదటిసారి, ‘ఔను’ అని రాశాడు.

పుస్తకం ఆమె వైపు జరిపాడు. ఆమె తీసుకుని, నిదానంగా పైనుంచి కింది దాకా చదివింది. ఒక్కచోట ఆగింది.

“గొడుగు సంగతి తప్పు రాశావు. అది గొడుగు కాదు, రెండు విరిగిన చువ్వలు.”

“సంతకం పెడతావా, పెట్టవా?”

“తొందరపెట్టకు. రెండో కళ్లు సరిగ్గా చూడాలి.” అతని ముఖాన్ని తీరిగ్గా, అతను తల దించుకునేదాకా చూసింది. అప్పుడు సంతకం పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ ముద్ర కొట్టి ఫోన్ చేసింది. ఐదు నిమిషాల్లో రేవులో ఓడ కూత వేసింది. నోరీన్ ఇద్దరి తలల మీదా బురద చేతులతోనే దీవించింది.

మూలన కుర్చీలో కుంగిపోయిన ప్రౌస్‌కి మాత్రం ఒక్క చిన్న ఆశ మెరిసింది.

“బ్రాన్విన్,” అన్నాడు, “ఇది... ఈ ఔను... ఏ గడిలోకి వస్తుంది?”

“ఏ గడిలోకీ రాదు సార్,” అంది ఆమె, డాష్‌బోర్డ్ తెర ఆపేసి ఫెర్గస్ చెయ్యి పట్టుకుంటూ. “మీరు కొలిచేవాటిలో ఇది లేదు.”