లాగ్‌లైన్‌లో తమ్ముడు

"మీ హీరోయిన్ భయపడుతుంది, సరే. భయపడి ఏం చేస్తుంది?"

డెస్మండ్ నాడీన్‌తో అన్న మొదటి మాట అది. సినిమావాళ్ల ఊరు బర్‌బ్యాంక్‌లో ఒక కాఫీ షాపు వెనక గదిలో ప్రతి మంగళవారం సినిమా కథలు రాసేవాళ్లు చేరి, ఒకరి లాగ్‌లైన్‌ని ఒకరు చీల్చి చెండాడుతుంటారు. లాగ్‌లైన్ అంటే రెండు గంటల సినిమాని ఒక్క వాక్యంలో చెప్పడం. ఆ వాక్యం నచ్చకపోతే నిర్మాత స్క్రిప్టు ముట్టుకోడు. కాఫీ పోసే మనిషి దగ్గర కూడా ఒక స్క్రిప్టు ఉండే ఊరది, ముట్టుకోకుండా ఉండటానికి నిర్మాతలకూ ఏదో ఒక సాకు కావాలి మరి.

నాడీన్‌ది దయ్యం కథ. అత్యవసర ఫోన్లు ఎత్తే ఒక ఆపరేటర్‌కి, ఏట్లో మునిగి చనిపోయిన తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది.

"భయపడితే చాలదా?" అంది నాడీన్, ఒళ్లు మండి.

"భయపడటానికి టికెట్ కొనుక్కొచ్చిన జనం ఉన్నారు కదండీ. హీరోయిన్ కూడా వాళ్ల పక్కనే కూర్చుంటే ఎలా?"

"అయితే తమరే సెలవివ్వండి, మహానుభావా."

"ఏరు పొంగేలోగా ఆ పిల్లాడు ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నాడో ఆమె కనిపెట్టాలి. అవసరమైతే ఏట్లో దూకాలి." కాస్త ఆగి అన్నాడు, "ఇంతకీ తమ్ముడే ఎందుకు?"

"ఊరికే," అంది నాడీన్.

ఊరికే ఏమీ కాదు. కానీ ముక్కూ మొహం తెలియనివాడికి అంతకంటే ఏం చెబుతుంది?

అతను చెప్పిన ఆ 'కనిపెట్టాలి'తో కథకి ప్రాణం వచ్చింది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. మంగళవారాలు చాలక బుధవారాలు కూడా కలిశారు. టాకోలమ్మే తిండి బండి దగ్గర నిలబడి, ఒక్క విశేషణం కోసం గంటలు కొట్లాడుకున్నారు. ఆ ఏడు వానలు విడవకుండా పట్టుకున్నాయి. ఒకే గొడుగు కింద నడుస్తూ ఎవరి భుజం తడిసినా తడవలేదని చెప్పుకునేవారు.

"ఈ వానలు వెలిసేలోగా ఇది అమ్ముడుపోకపోతే బేకర్స్‌ఫీల్డ్ వెళ్లిపోతాను. అక్కడ స్కూల్లో పని ఇస్తామంటున్నారు," అంది నాడీన్ ఒకరోజు.

ఉండమంటాడేమోనని అతని వైపు చూసింది.

"వెళ్లు. ఈ ఊరి బస్సులో ఒక సీటు ఖాళీ అవుతుంది," అన్నాడు డెస్మండ్.

నాడీన్ నవ్వింది. ఇంటికెళ్లి ఏడ్చింది.

డెస్మండ్‌కి గ్రెచెన్ అనే దయ్యాల సినిమాల నిర్మాత ఆఫీసులో స్క్రిప్టులు చదివిపెట్టే ఉద్యోగం. నాడీన్ లాగ్‌లైన్‌ని ఆవిడ దాకా చేర్చింది అతనే. ఆవిడ పిలిచిందన్న రోజు నాడీన్‌కి కాళ్లు నేల మీద ఆనలేదు.

"చనిపోయిన మొగుడు ఫోన్ చెయ్యడం, అబ్బ, ఒళ్లు జలదరించింది," అంది గ్రెచెన్, తన ఆఫీసులో నాడీన్, డెస్మండ్ కూర్చోగానే.

"మొగుడెవరండీ?" అంది నాడీన్.

డెస్మండ్ తల వంచేశాడు.

"ఇది తమ్ముడి కథండీ."

"తమ్ముడా?" గ్రెచెన్ మొహం చిట్లించింది. "మొగుడి కోసమైతే ఏట్లో దూకుతుందంటే నమ్ముతాను. ఎప్పుడో పోయిన తమ్ముడి కోసం ఎందుకు దూకుతుంది?"

ఆ జవాబు నాడీన్ ఆవిడకి అమ్మదలచుకోలేదు. సంచీ తీసుకుని బయటికి నడిచింది.

వాన కుండపోతగా కురుస్తోంది. బస్టాపులో ఆమె పక్కకి డెస్మండ్ రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు.

"లాగ్‌లైన్ మధ్యాహ్నంలోగా పంపాలన్నారు. తమ్ముడైతే చదవరు, నాకు తెలుసు. అడుగుదామంటే ఆ రోజు నీ ఫోన్ మోగలేదు."

"ఏటా ఆ రోజు మోగదు. మా తమ్ముడు పోయిన రోజది. వాడి సమాధి దగ్గర ఉంటాను."

డెస్మండ్ తలెత్తి ఆమెకేసి చూశాడు.

"టోబీ వాడి పేరు. పదకొండేళ్లు. వాడికి ఈత వచ్చు, డెస్మండ్. వచ్చు కదా అనే, వాడు ఏట్లో దిగినప్పుడు నేను అటు చూడలేదు." ఆమె సంచీని గుండెకి హత్తుకుంది. "వాణ్ణి ఒక్క గీతతో కొట్టేసి మొగుణ్ణి పెట్టావు."

 అతను వెనక్కి తిరిగి వానలోనే మళ్లీ ఆఫీసులోకి వెళ్లాడు. పారిపోయాడనుకుంది నాడీన్. ఆమె ఎక్కాల్సిన బస్సు ఒకటి వచ్చి వెళ్లిపోయింది. ఎక్కాలన్న ధ్యాస కూడా లేదు ఆమెకి.

తిరిగొచ్చేసరికి అతను ముద్దయిపోయి ఉన్నాడు.

"మొగుణ్ణి పెట్టింది నేనేనని చెప్పాను. ఇది తమ్ముడి కథేనన్నాను. తమ్ముడి కోసం ఎందుకు దూకుతుందని ఆవిడ మళ్లీ అడిగింది."

 టోబీ గురించి ఆ ఒక్క మాటా చెబితే గ్రెచెన్ అక్కడికక్కడే కొనేసేది. అది ఇద్దరికీ తెలుసు.

"ఏం చెప్పావు?"

"తెలియదన్నాను. అది నేను చెప్పే మాట కాదుగా."

"ఆవిడేమంది?"

"థాంక్యూ అంది."

ఆ ఊళ్లో నిర్మాత థాంక్యూ అంటే ఇక దయచేయమని. 

"అమ్ముడుపోతే నువ్వు ఉంటావు కదా అని చేశాను," అన్నాడు డెస్మండ్. "నువ్వు లేకుండా ఈ ఊళ్లో నావల్ల కాదు. ఇష్టం నువ్వంటే. చాలా ఇష్టం. దానికోసం మీ తమ్ముణ్ణే చెరిపేశాను, ఛీ."

నాడీన్ అతని వైపు తిరిగింది. కోపం ఇంకా ఉంది. కానీ కన్నీళ్లు దాన్ని దాటుకుని వచ్చేశాయి.

"పిచ్చివాడా. ఉండమని ఒక్కమాట అంటే ఉండేదాన్ని కదా. దానికి కథ అమ్ముడుపోవాలా?"

రెండో బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఉండు," అన్నాడు డెస్మండ్.

నాడీన్ డ్రైవరుకి వద్దన్నట్టు చెయ్యి ఊపింది.