ముట్టినట్టు సంతకం

"సెలవు పెట్టమంటే పెట్టరేం? తోడబుట్టినదాని మీద కేసు రాస్తారా?" భార్య అమలమ్మ అడగడం ఇది మూడోసారి.

"నేను తప్పుకుంటే వచ్చేవాడు అడగడు. కొడతాడు," అన్నాడు ఎస్.ఐ. శౌరయ్య, బెల్టు బిగించుకుంటూ.

వంటింట్లో బియ్యం ఏరుతున్న చెల్లెలు తెరేసమ్మ తల ఎత్తలేదు.

ఫిబ్రవరి 12, 1975. చెరుకు కొడుతున్న రత్తయ్యని పొద్దున్న 9.10కి పాము కరిచింది. 9.50కి సర్కారు ఆస్పత్రికి తెచ్చారు. 11.20కి పోయాడు. విషానికి విరుగుడు మందు స్టాకు రిజిస్టర్లో పన్నెండు సీసాలు. ఫ్రిజ్‌లో ఒక్కటీ లేదు.

ఆస్పత్రి స్టోరు చూసేది, తాళాలు పెట్టుకునేది తెరేసమ్మ.

శౌరయ్య కాంపౌండరు తిరుపతిరావుని కూర్చోబెట్టాడు.

"మందు ఎప్పుడొచ్చింది?"

"పోయిన మార్చి ముప్ఫై ఒకటినండి. రిజిస్టర్లో ఉందిగా."

"నువ్వు చూశావా?"

"చూసేదేముందండి? రాసుంటే వచ్చినట్టేగా."

"అమ్ముకుందంటావా?"

"ఊరంటోందండి. నేననలేదు."

శౌరయ్య ఆస్పత్రి పాత కాగితాలన్నీ తిరగేశాడు. 3.15కి ఒక చీటీ దగ్గర ఆగాడు.

సాయంత్రం డాక్టర్ రామకోటేశ్వరరావు తనే ఇంటికి వచ్చాడు. శౌరయ్య తల్లి ఆదెమ్మ మంచం మీద లేచి కూర్చుంది. అమలమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఆ మందు ఐసులో పెట్టి పంపుతారు. దిగగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. అంతేనా డాక్టరుగారూ?" అడిగాడు శౌరయ్య.

"అంతే."

"మార్చి 20 నుంచి ఏప్రిల్ 11 దాకా మీ ఫ్రిజ్ పట్నంలో రిపేరులో ఉంది. ఇదిగో చీటీ. మరి 31న వచ్చిన మందు ఎక్కడ పెట్టారు?"

శౌరయ్య చీటీ బల్ల మీద పెట్టాడు.

"అది పోలేదు. అసలు రాలేదు."

తెరేసమ్మ మెల్లగా అంది. "మార్చి దాటేలోగా ముట్టినట్టు రాయకపోతే బడ్జెట్ లాప్స్ అయి డబ్బు వెనక్కి పోతుందన్నయ్యా. మరుసటేడు కోటా కూడా కోసేస్తారు. ప్రతి ఏడూ రాస్తాం. సరుకు ఏ మే నెలకో వచ్చేది. ఈసారి రాలేదు."

"అడగలేదా?"

"ఏమని అడగను? ముట్టిందని నా సంతకమే చూపిస్తారుగా."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రాయమన్నది నేనే శౌరయ్యగారూ. నోటిమాట. అది మాత్రం కాగితం మీద పెట్టకండి. నేను పోతే ఈ ఊరికి ఇంకో డాక్టరు రాడు."

"అయితే దొంగ లేడుగా," అంది అమలమ్మ. "కేసు కొట్టేయండి."

"మనిషి చచ్చాడు. పేరు లేని ఫైలు పైవాళ్లు తీసుకోరు. రూలు పెట్టినవాళ్ల పేరు ఏ కాగితం మీదా లేదు. ఉన్నది తెరేసమ్మ సంతకం ఒక్కటే."

ఆదెమ్మ కొడుకు మొహంకేసే చూస్తోంది.

శౌరయ్య అందరికీ వినబడేలా, గొంతు పెంచకుండా చెప్పాడు.

"దొంగతనం కాదని రాస్తాను. రాని మందు వచ్చిందని రాసినందుకు, రేపు ఎనిమిదింటికి తెరేసమ్మని నేనే స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను."