పసుపు స్ప్రింగు, నల్ల స్ప్రింగు

"అమ్మా, ఒక్కసారి వచ్చి సైకిల్ మీద కూర్చోవా?"

"చేతుల నిండా పిండి ఉంది తూడా. నువ్వే చూసుకో."

తూడా మళ్ళీ పిలవలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట కోసమే చూస్తోంది. సైకిల్‌ని గోడకు ఆనించి, బిహి మామయ్య ఇచ్చిన పానా పట్టుకుని పెద్ద మెకానిక్‌లా కూర్చుంది.

సైకిల్ అమ్మది. వాళ్ళ ఊరు తారూదాంత్‌లో ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరూ సైకిల్ మీదే తిరుగుతారు. అమ్మ పొద్దున్నే కాల్చని రొట్టెల్ని పలక మీద పేర్చి, గుడ్డ కప్పి, హ్యాండిల్‌కి కట్టిన బుట్ట మీద పెట్టుకుంటుంది. వాటిని వీధివాళ్ళందరి రొట్టెలూ కాల్చే బట్టీలో దింపి, కోటగుమ్మం దాటి కమలాపండ్లు సర్దే షెడ్డుకి పనికి పోతుంది. సాయంత్రం అదే బుట్టలో దెబ్బతిన్న కమలాలు ఇంటికొస్తాయి.

బట్టీకి పోయే దారంతా రాళ్ళే. కాలువ కోసం తవ్వి అలాగే వదిలేశారు. రోజూ ఆ కుదుపులకి అమ్మ మణికట్లు వాచిపోతున్నాయి. "చేతులు ఇలాగే ఉంటే పని మానుకోవాల్సిందే," అని ఆవిడ మామయ్యతో అంటుండగా తూడా వింది. పని మానేస్తే ఇల్లు గడిచేదెలా అన్నది మాత్రం ఎవరూ అనలేదు.

అందుకే మామయ్య పాత సైకిళ్ళ సంతలో వెతికి వెతికి ఓ కొత్తరకం స్టెమ్ తెచ్చాడు. హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే మెడలాంటి ముక్క అది. లోపల స్ప్రింగు ఉంటుంది. చక్రం రాయి ఎక్కినప్పుడు హ్యాండిల్ కాస్త కిందికి దిగి లేస్తుంది, కుదుపు చేతుల దాకా రాదు. దాంతోపాటు రెండు స్ప్రింగులు ఉన్నాయి. పసుపుది మెత్తన, నల్లది గట్టి.

స్టెమ్ బిగించి బస్సుకి పరిగెత్తబోతూ మామయ్య మరీ మరీ చెప్పాడు. "అమ్మని ఎక్కించు. బుట్ట నింపు. అప్పుడు చూడు. హ్యాండిల్ కొంచెమే దిగాలి. మొత్తం దిగబడితే నల్లది వెయ్యి. సరేనా, మెకానిక్ గారూ?"

"సరే మామయ్యా," అంది తూడా.

కానీ అమ్మ పిండి కలుపుతోంది కదా. తూడా నల్ల స్ప్రింగు వేసి, తనే ఎక్కి వీధిలో ఓ చుట్టు తిరిగింది. హ్యాండిల్ కదిలితే ఒట్టు. తీసేసి పసుపుది వేసింది. ఈసారి రాళ్ళ మీద హ్యాండిల్ మెత్తగా దిగింది, మెత్తగా లేచింది. తూడాకి నవ్వు ఆగలేదు. పసుపుదే ఉంచేసి స్టెమ్ మూత బిగించింది.

మర్నాడు సాయంత్రం అమ్మ ఇంకా గుమ్మంలో ఉండగానే తూడా ఎదురెళ్ళింది.

"ఎలా ఉందమ్మా?"

అమ్మ కమలాల బుట్ట దింపి, చేతులు పైబట్టలోకి లాక్కుంది. "బాగుంది తల్లీ. దూది మీద పోయినట్టుంది."

ఇంకేముంది, తూడా కాళ్ళు నేల మీద నిలవలేదు. బళ్ళో అందరికీ చెప్పింది. విన్నవాళ్ళకి కూడా మళ్ళీ చెప్పింది.

వారం తిరక్కుండానే పక్కింటి ఇదర్ ఆమె గాలి తీసేశాడు.

"మీ సైకిల్‌కి ఏమైంది తూడా? కాళ్ళు నొప్పులా?"

"ఏం, ఎందుకు?"

"మీ అమ్మ దాన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుపోతోంది. రోజూ చూస్తున్నా."

"అబద్ధం. మా అమ్మ దూది మీద పోయినట్టుందంది."

"అయితే రేపు పొద్దున్నే లేచి చూసుకో, నాకేం," అన్నాడు ఇదర్.

మర్నాడు అమ్మ బయలుదేరగానే తూడా చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తింది. వీధి మలుపు దాకా అమ్మ సైకిల్ మీదే పోయింది. బుట్ట మీద రొట్టెల పలక, హ్యాండిల్ మీద అమ్మ చేతుల బరువు. హ్యాండిల్ అప్పటికే సగం దిగబడి ఉంది. మొదటి రాయి తగలగానే ఠక్కుమని చప్పుడైంది. స్ప్రింగు పూర్తిగా నలిగి ఇనుముకి ఇనుము కొట్టుకుంది.

"అబ్బా," అంది అమ్మ. వెంటనే దిగిపోయింది. మణికట్టుకి చుట్టిన గుడ్డని పళ్ళతో లాగి బిగించుకుని, సైకిల్‌ని తోసుకుంటూ రాళ్ళ మీద నడవసాగింది.

తూడా పరిగెత్తుకెళ్ళి సైకిల్ వెనక పట్టుకుంది.

"రోజూ ఇలాగే పోతున్నావా?"

అమ్మ ఉలిక్కిపడి చూసింది. "నువ్వెందుకొచ్చావే? బడికి పో."

"బాగుందని ఎందుకు చెప్పావమ్మా?"

అమ్మ హ్యాండిల్ వంక చూసింది. "అంత సంబరంగా బిగించావు. బాగాలేదంటే నీ మొహం చిన్నబోతుందని."

తూడా మొహం ఇప్పుడు నిజంగానే చిన్నబోయింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. "నేను కూర్చుని చూశాను. నిన్ను కూర్చోబెట్టలేదు," అంది. మామయ్య చెప్పిన మాట అప్పుడు మొత్తం గుర్తొచ్చింది.

"రొట్టెలు పొంగి పాడైపోతాయి, తొయ్యి," అంది అమ్మ. ఇద్దరూ కలిసి సైకిల్‌ని బట్టీ దాకా తోశారు.

ఆ సాయంత్రం అమ్మ ఇంట్లోకి అడుగుపెట్టనేలేదు, తూడా గుమ్మంలోనే ఆపేసింది.

"దిగకు. కమలాలు కూడా తియ్యకు. గోడ పట్టుకుని అలాగే కూర్చో. రోజూ పోయేటట్టే."

"టీ అయినా తాగనివ్వవా?"

"తర్వాత." తూడా వంగి, హ్యాండిల్ ఎంత దిగిందో చూసింది. బాగా దిగింది. అమ్మని దింపి, మూత విప్పి, పసుపు స్ప్రింగు తీసి నల్లది వేసింది. మళ్ళీ ఎక్కించింది.

"ఇప్పుడు ఊగు. ఎలా ఉంది?"

"బాగుంది."

"అమ్మా. నిజం చెప్పాలి."

అమ్మ ఆమె వంక చూసి, ఈసారి బరువంతా చేతుల మీద వేసి ఊగింది. "ఇంకొంచెం మెత్తగా ఉండొచ్చు."

తూడా పానాతో స్ప్రింగు మీది మూతని కాస్త వదులు చేసింది. "ఇప్పుడో?"

"ఎక్కువైంది. కొంచెం బిగించు. ఆఁ, ఆగు. అదీ."

టీ చల్లారిపోయింది. అమ్మ అలాగే తాగేసింది.

మర్నాడు తూడా మలుపు దగ్గర నిలబడి చూసింది. అమ్మ రాళ్ళ మీద దిగకుండా పోయింది. హ్యాండిల్ దిగింది, లేచింది. ఠక్కుమనలేదు. బట్టీ ముందు ఆగి అమ్మ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఆ చేతికి గుడ్డ లేదు.

ఆదివారం షెడ్డుకి సెలవు. బట్టీ నుంచి రొట్టెలు తేవడానికి తూడా సైకిల్ మీద వెళ్ళింది. ఆమె బరువుకి నల్ల స్ప్రింగు కదల్లేదు. దారంతా ఎగిరెగిరి పడుతూ, బుట్టలో రొట్టెలు ఎగరకుండా ఓ చేత్తో అదిమిపెట్టుకుంటూ ఇల్లు చేరింది.

"ఎలా ఉంది?" అడిగింది అమ్మ.

"ఘోరంగా ఉందమ్మా. పళ్ళు రాలిపోతాయనుకున్నా."

అమ్మ నవ్వింది. "పసుపుది వేసుకోకపోయావా? ఈ ఒక్కరోజుకి."

తూడా వేడి రొట్టె తుంచి ఆలివ్ నూనెలో ముంచింది. పసుపు స్ప్రింగు సంచిలో మూటగట్టి మేకుకి వేలాడుతోంది. దాని వంక ఓసారి చూసింది.

"వద్దులే. రేపు పొద్దున నువ్వెళ్ళాలి కదా," అంది.